ఏడుపు, మొండితనం, మౌనం: పిల్లల ప్రవర్తన వెనక ఏం జరుగుతోంది?

రెండో తరగతిలో నలుగురు పిల్లలు కుదురుగా కూర్చోవడం లేదు అనుకుందాం. పాఠం వినరు, నోట్సు సగంలో వదిలేస్తారు, పక్కవాళ్లను గిల్లుతారు. తిరుపతిలో ఏ బడిలో అడిగినా టీచర్లు ఇలాంటి పిల్లల పేర్లు చెప్పగలరు. నలుగురి ఇళ్లకూ వెళ్లే కబురు ఒకటే: అల్లరి ఎక్కువ, శ్రద్ధ లేదు, కాస్త గట్టిగా చెప్పండి.

ఆ నలుగురిలో ఒకడికి ముక్కు వెనక అడినాయిడ్స్ అనే కండ పెరిగింది. రాత్రంతా నోటితో ఊపిరి తీసుకుంటూ గురక పెడతాడు, నిద్ర చాలక పగలంతా చిరాకుగా, నిలకడ లేకుండా ఉంటాడు. ఇంకో పాపకు తెలివికేం లోటు లేదు, అక్షరాలు కూడబలుక్కోవడమే గండం. పైకి చదవమని లేపుతారన్న భయంతో తన వంతు రాకముందే ఏదో ఒక గొడవ చేసి బయటికి పంపించేలా చేసుకుంటుంది. మూడోవాడికి నిజంగానే ఏడీహెచ్‌డీ (ధ్యాస నిలవకుండా, కుదురు లేకుండా చేసే మెదడు ఎదుగుదల సమస్య) ఉంది. నాలుగోవాడి నాన్న కొన్నాళ్ల కిందట ఇల్లు వదిలి వెళ్లిపోయాడు, ఆ సంగతి బడిలో ఎవరికీ తెలియదు. ఒకడికి చెవి, ముక్కు, గొంతు డాక్టరు కావాలి. ఒకరికి చదవడం వేరే పద్ధతిలో నేర్పేవాళ్లు కావాలి. ఒకడికి పిల్లల సైకియాట్రిస్టు, ఇంకొకడికి కూర్చోబెట్టుకుని మాట్లాడే పెద్దమనిషి కావాలి. నలుగురికీ దొరికేది మాత్రం తిట్లే.

పిల్లల మానసిక సమస్యల్లో చిక్కంతా ఇక్కడే ఉంది. ఒకే ప్రవర్తనకు పది కారణాలు ఉండొచ్చు. తిరగేసి చూస్తే ఒకే కారణం పది రకాలుగా బయటపడొచ్చు. నాన్న రోజూ తాగొచ్చి గొడవ చేసే ఇంట్లో పెద్దవాడు వీధిలో కొట్లాటలకు దిగుతాడు. నడిపి పాప అందరి దగ్గరా అణిగిమణిగి ఉంటూ తరచూ కడుపునొప్పి అంటుంది. చిన్నోడు ఎప్పుడో మానేసిన పక్క తడపడం మళ్లీ మొదలుపెడతాడు. పెద్దవాడికి తన్నులు, పాపకు మెప్పు, చిన్నోడికి ఎగతాళి. ముగ్గురూ ఒకే బాధ పడుతున్నారని ఎవరికీ తట్టదు.

నేను చెప్పదలచుకున్నది ఒక్కటే. పిల్లల ప్రవర్తనను వాళ్ల గుణంగా తేల్చేయకముందు, అది దేనికి జవాబుగా వస్తోందో వెతకాలి. జవాబు కొన్నిసార్లు ఒంట్లో ఉంటుంది, కొన్నిసార్లు వయసులో, ఇంకొన్నిసార్లు ఇంట్లో మనకు తెలియకుండానే అలవాటైపోయిన తంతులో ఉంటుంది.

కనిపించే బాధ, కనిపించని బాధ

అమెరికన్ సైకాలజిస్టు థామస్ ఆకెన్‌బాక్ 1960ల్లో పిల్లల సమస్యలను రెండు పెద్ద గుంపులుగా చూపించాడు. కొట్టడం, ఎదురు తిరగడం, అబద్ధాలు, దొంగతనం, కుదురు లేకపోవడం లాంటివి బయటికి వచ్చేవి. భయం, దిగులు, సిగ్గుతో ముడుచుకుపోవడం, వైద్యపరంగా కారణం దొరకని ఒంటి నొప్పులు లోపల ఉండిపోయేవి. రెండూ ఒకే బిడ్డలో ఉండటం కూడా మామూలే.

ఈ విభజన వల్ల మనకు కలిగే ప్రయోజనం వేరే ఉంది. బయటికి వచ్చే సమస్య పెద్దవాళ్లను ఇబ్బంది పెడుతుంది, అందుకని ఆ బిడ్డను ఎవరో ఒకరు డాక్టరు దగ్గరికి తీసుకెళతారు. లోపల ఉండిపోయే సమస్య ఆ బిడ్డను మాత్రమే ఇబ్బంది పెడుతుంది. ‘మా పాప చాలా బుద్ధిమంతురాలు, ఉన్నట్టే తెలియదు’ అని మురిసిపోయే ఇళ్లలో ఆ ఉన్నట్టే తెలియకపోవడం ఎప్పటి నుంచి, ఎందుకు అని ఒకసారి ఆలోచించడం మంచిది. బెంగళూరులోని జాతీయ మానసిక వైద్య సంస్థ నిమ్హాన్స్ 2015-16లో 12 రాష్ట్రాల్లో చేసిన జాతీయ మానసిక ఆరోగ్య సర్వేలో 13 నుంచి 17 ఏళ్ల పిల్లల్లో సుమారు 7.3 శాతం మందికి ఏదో ఒక మానసిక సమస్య ఉన్నట్టు తేలింది. మన రాష్ట్రం ఆ 12లో లేదు. అయినా నలభై మంది ఉన్న తరగతిలో ఇద్దరు ముగ్గురు అన్న అంచనా ఇక్కడికి వర్తించదనుకోవడానికి కారణమేమీ లేదు. మానసిక జబ్బుల్లో మూడో వంతు 14 ఏళ్లలోపే, సగం 18 ఏళ్లలోపే మొదలవుతాయని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది.

ముందు వయసు చూడాలి

రెండేళ్ల బిడ్డ నేల మీద పడి దొర్లి ఏడిస్తే అది జబ్బూ కాదు, పెంపకంలో లోపమూ కాదు. ఏం కావాలో ఆ బిడ్డకు తెలుసు, చెప్పడానికి మాటలు చాలవు, ఆగడానికి కావలసిన మెదడు భాగం ఇంకా తయారవలేదు. నుదుటి వెనక ఉండే ఆ భాగం పూర్తిగా పక్వానికి రావడానికి ఇరవై దాటి ఇంకొన్నేళ్లు పడుతుంది. తిరుమలలో కంపార్టుమెంటులో గంటల తరబడి కూర్చోబెడితే పెద్దవాళ్లకే ఓపిక నశిస్తుంది. అక్కడ గుక్కపట్టి ఏడ్చే రెండేళ్ల పసిబిడ్డను చూసి ‘ఎంత మొండి పిల్ల’ అనడం అన్యాయం.

కెనడాలో రిచర్డ్ ట్రెంబ్లే బృందం పిల్లలను పసితనం నుంచి ఏళ్ల తరబడి గమనిస్తూ వచ్చింది. కొట్టడం, కొరకడం, తన్నడం మనిషి జీవితంలో అన్నిటికంటే ఎక్కువగా కనిపించేది రెండు, నాలుగేళ్ల మధ్యనే అని తేలింది. ఆ తర్వాత చాలామందిలో అది దానంతటది తగ్గుతూ పోతుంది. అంటే చేయి చేసుకోవడం పిల్లలు కొత్తగా నేర్చుకునేది కాదు, చేయి ఆపుకోవడమే నేర్చుకోవలసింది. మాటలు పెరిగేకొద్దీ, ఓర్పుగా నేర్పేవాళ్లు పక్కన ఉండేకొద్దీ అది అలవడుతుంది. ఎనిమిదేళ్లు వచ్చినా తగ్గకుండా పెరుగుతూ ఉంటే అప్పుడు ఆలోచించాలి.

ఎనిమిది నెలల బిడ్డ కొత్తవాళ్లను చూసి ఏడవడం, నాలుగేళ్ల వయసులో చీకటంటే, బూచోడంటే భయపడటం కూడా ఎదుగుదలలో భాగమే. పక్క తడపడం ఐదేళ్ల లోపు సమస్యే కాదు. ఐదేళ్ల పిల్లల్లో కూడా నూటికి పదిహేను మంది దాకా రాత్రిపూట తడుపుతారు, ఏటా వాళ్లలో పదిహేను శాతం మందికి ఏ చికిత్సా లేకుండానే ఆగిపోతుంది. తల్లిదండ్రులిద్దరికీ చిన్నప్పుడు ఈ అలవాటు ఉంటే బిడ్డకు ఉండే అవకాశం నాలుగింట మూడు వంతులు. తడిసిన దుప్పటి పట్టుకుని వాకిట్లో నిలబెట్టే శిక్ష ఇంకా అక్కడక్కడా ఉంది. నిద్రలో జరిగేదానికి శిక్ష వేయడం క్రూరత్వమే, పైగా ఆ సిగ్గు వల్ల సమస్య ముదురుతుంది కూడా. అయితే ఆరు నెలలకు పైగా పొడిగా ఉన్న పిల్లలు మళ్లీ తడపడం మొదలుపెడితే మాత్రం మూత్రంలో ఇన్ఫెక్షన్, మలబద్ధకం, షుగరు ఉన్నాయేమో చూపించాలి. వాటితోపాటు ఆ మధ్య ఇంట్లోనో బడిలోనో ఏం మారిందో కూడా చూడాలి.

ఇది మామూలా, సమస్యా అని తేల్చుకోవడానికి వయసుతోపాటు ఇంకో మూడు ప్రశ్నలు పనికొస్తాయి. ఎన్నాళ్లుగా ఉంది? ఇంట్లోనేనా, బడిలో, చుట్టాలింట్లో కూడానా? దానివల్ల నిద్ర, తిండి, చదువు, ఆట, స్నేహం వీటిలో ఏది చెడుతోంది? ఏడీహెచ్‌డీ అని చెప్పాలంటే లక్షణాలు పన్నెండేళ్ల లోపే మొదలై, కనీసం ఆరు నెలలుగా, కనీసం రెండు చోట్ల కనిపించాలని వైద్యుల నియమం. బడిలో మాత్రమే కుదురు లేని పిల్లాడి విషయంలో ముందు బడిని చూడాలన్నమాట. ఒక్క విషయంలో మాత్రం ఆగి చూడకూడదు: వచ్చిన మాటలు పోవడం, పేరు పెట్టి పిలిస్తే పలికే బిడ్డ పలకడం మానేయడం. వచ్చిన విద్య వెనక్కి పోతే వెంటనే డాక్టరు దగ్గరికి వెళ్లాల్సిందే.

ఒళ్లు బాగుందా?

మనసు సమస్య అని తేల్చేముందు ఒళ్లు చూడాలి. మన దగ్గర ఈ మెట్టు ఎక్కువగా దాటేస్తాం. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో ఆరు నెలల నుంచి ఐదేళ్ల లోపు పిల్లల్లో 63.2 శాతం మందికి రక్తహీనత ఉంది. రక్తంలో ఇనుము తక్కువైన బిడ్డ నీరసంగా, చిరాకుగా, దేనిమీదా ధ్యాస లేకుండా ఉంటుంది. కొందరు పసిపిల్లలు కోపంతో ఏడ్చి ఏడ్చి ఊపిరి బిగబట్టి, పెదాలు నీలంగా మారి ఒక్క క్షణం స్పృహ తప్పుతారు. చూసేవాళ్ల గుండె ఆగినంత పని అవుతుంది. చాలాసార్లు ఇది ప్రమాదకరం కాదు, ఇనుము తక్కువ ఉన్న పిల్లల్లో ఎక్కువగా కనిపిస్తుంది, ఇనుము మందు వాడితే చాలామందిలో తగ్గుతుంది. అయినా మొదటిసారి జరిగినప్పుడు గుండె, ఫిట్స్ సమస్యలు కాదని డాక్టరు చేత తేల్చుకోవాలి.

చెవి సంగతి కూడా అంతే. తరచూ చెవి కారే బిడ్డకు వినికిడి తగ్గి ఉండొచ్చు. మూడుసార్లు పిలిస్తే గానీ పలకని బిడ్డను పొగరు అనేస్తాం. కొన్ని క్షణాలు శూన్యంలోకి చూస్తూ ఆగిపోయి మళ్లీ మామూలయ్యే పిల్లలు పగటి కలలు కంటున్నారనుకుంటాం, అవి ఒక రకం ఫిట్స్ కావచ్చు. ఇక నిద్ర. బడి వయసు పిల్లలకు తొమ్మిది నుంచి పన్నెండు గంటల నిద్ర కావాలి. రాత్రి పదకొండు దాకా హోంవర్కు, పొద్దున ఐదున్నరకు ట్యూషను అయితే మిగిలేది ఆరు గంటలు. పెద్దవాళ్లు నిద్ర చాలకపోతే తూగుతారు. పిల్లలు మాత్రం ఎగురుతారు, చికాకు పడతారు, కొట్లాడుతారు.

పుట్టుకతో వచ్చే తీరు

మే నెలలో తిరుపతి గంగమ్మ జాతర జరిగేటప్పుడు వీధుల్లో ఒక దృశ్యం ఏటా కనిపిస్తుంది. ఒళ్లంతా కుంకుమ పూసుకున్న బండ వేషం ఎదురైతే ఒక పిల్లోడు వెంటపడి గెంతుతాడు, అదే వయసు ఇంకో పిల్లోడు అమ్మ మెడ కరుచుకుని కళ్లు మూసుకుంటాడు. ఇద్దరూ ఒకే తల్లి బిడ్డలు కూడా కావచ్చు. ఇందులో పెంపకం పాత్ర తక్కువ.

న్యూయార్క్‌లో అలెగ్జాండర్ థామస్, స్టెల్లా చెస్ దంపతులు 1956లో మొదలుపెట్టి దశాబ్దాల పాటు ఒకే పిల్లలను గమనించారు. సుమారు 40 శాతం మంది తేలికగా సర్దుకుపోయే రకం. పది శాతం మంది పుట్టినప్పటి నుంచే నిద్రకూ తిండికీ వేళ లేకుండా, కొత్తదేదైనా ఎదురైతే పెద్దగా ఏడుస్తూ ఉండే రకం. పదిహేను శాతం మంది మెల్లగా, తమ వేగంతో కలిసిపోయే రకం. మిగతావాళ్లు ఏ గుంపులోనూ పూర్తిగా ఇమడలేదు. థామస్, చెస్ గట్టిగా చెప్పిన మాట ఏమిటంటే, ఏ తీరూ జబ్బు కాదు. బిడ్డ తీరుకూ చుట్టూ ఉన్నవాళ్ల ఆశలకూ పొత్తు కుదరనప్పుడే సమస్య పుడుతుంది.

మెల్లగా కలిసే బిడ్డకు మొదటి వారం బడిలో కాసేపు అమ్మ తోడుంటే చాలు, నెల తిరిగేసరికి నవ్వుతూ వెళుతుంది. ఆ బిడ్డనే గేటు దగ్గర లాగి లోపలికి తోస్తే ఆరు నెలలు ఏడుస్తుంది. పరుగులు తీసే తీరున్న పిల్లోణ్ని మైదానం లేని అపార్ట్‌మెంటు బడిలో పొద్దున ఎనిమిది నుంచి సాయంత్రం ఆరు దాకా బెంచీకి కట్టేస్తే వాడు ‘సమస్య పిల్లోడు’ అవుతాడు. అదే పిల్లోడు పలమనేరు దగ్గర పల్లెలో మేనమామ ఇంట్లో ఎండాకాలం సెలవులన్నీ ఒక్క పేచీ లేకుండా గడిపేస్తాడు. పిల్లోడు వాడే, మారింది చుట్టూ ఉన్న చోటు. మన ఊళ్లలో ఇళ్ల మధ్య ఖాళీ జాగాలు పోయి, బళ్లలో ఆటల పీరియడ్ లెక్కల పీరియడ్‌గా మారిపోయాక ఇలాంటి పొత్తు కుదరని పిల్లలు పెరగడంలో వింత లేదు. ఈ భారం ఒక్క తల్లిదండ్రుల మీదే వేయకూడదు.

ఇంట్లో తెలియకుండా నడిచే తంతు

ఎదురు తిరిగే, పంతం పట్టే పిల్లల విషయంలో అన్నిటికంటే బాగా అర్థమైన సంగతి ఇది. అందుకే కొంచెం వివరంగా చెబుతాను.

సాయంత్రం అన్నం దగ్గర నాలుగేళ్ల పిల్లోడు ఫోన్ అడుగుతాడు. ‘తిన్నాక ఇస్తా నాయనా’ అంటుంది అమ్మ. వాడు గునుస్తాడు. అమ్మ గొంతు పెంచుతుంది. వాడు కంచం తోసేస్తాడు. అమ్మ వీపు మీద ఒకటి వేస్తుంది. వాడు పక్కింటికి వినపడేలా ఏడుస్తాడు. లోపల్నుంచి అవ్వ ‘ఇచ్చెయ్యమ్మా, అన్నం ముందర పసిబిడ్డను ఏడిపిస్తావేంది’ అంటుంది. విసిగిపోయి అమ్మ ఫోన్ చేతిలో పెడుతుంది. ఏడుపు టక్కున ఆగుతుంది, నాలుగు ముద్దలు లోపలికి పోతాయి.

అక్కడ ఇద్దరూ ఏదో ఒకటి నేర్చుకున్నారు. అడిగితే రాదు, గునిస్తే రాదు, ఇంత గట్టిగా ఏడిస్తే వస్తుందని పిల్లోడు నేర్చుకున్నాడు. ఇచ్చేస్తే ప్రశాంతంగా ఉంటుందని అమ్మ నేర్చుకుంది. రేపు పిల్లోడు నేరుగా ఆ గట్టి ఏడుపు దగ్గరే మొదలుపెడతాడు. ఇంకో రోజు అమ్మ నిజంగా కోపం వచ్చి గట్టిగా కొడితే వాడు భయపడి ఊరుకుంటాడు. ఆ రోజు పాఠం ఇంకోటి: గట్టిగా కొడితే పనవుతుందని అమ్మకూ, బలమున్నవాళ్లదే పైచేయి అని పిల్లోడికీ. ఆ పాఠాన్ని వాడు మర్నాడు బడిలో తనకంటే చిన్నవాడి మీద వాడతాడు.

అమెరికాలో ఒరెగాన్ రాష్ట్రంలో గెరాల్డ్ ప్యాటర్సన్ అనే సైకాలజిస్టు తన బృందంతో ఇళ్లకే వెళ్లి, తల్లులూ పిల్లలూ నిమిషనిమిషానికీ ఏం చేస్తున్నారో రాసుకుని ఈ తంతును బయటపెట్టాడు. అందులో చెడ్డ తల్లులు లేరు, చెడ్డ పిల్లలూ లేరు. అలిసిపోయిన పెద్దవాళ్లూ, దొరికిన దారినే మళ్లీ మళ్లీ వాడే పిల్లలూ ఉన్నారు. ఒకసారి ఇచ్చి ఒకసారి ఇవ్వకపోవడం అన్నిటికంటే ప్రమాదం. ఎప్పుడో ఒకసారి ఫలించే పంతాన్ని వదులుకోవడం పిల్లలకు చాలా కష్టం.

దీన్ని విప్పడం ఏడుపు మొదలయ్యాక సాధ్యం కాదు, అంతకు ముందే మొదలుపెట్టాలి. ఇచ్చేదైతే అడిగిన వెంటనే, నవ్వుతూ, ఇంతసేపే అని చెప్పి ఇచ్చేయాలి. ఇవ్వనిదైతే ఒక్కసారి మెల్లగా చెప్పి, ఎంత ఏడ్చినా ఇవ్వకూడదు. ఈ రెండోది మొదలుపెట్టినప్పుడు మొదటి కొద్ది రోజులు ఏడుపు తగ్గకపోగా ఇంకా పెరుగుతుంది. చాలా ఇళ్లలో సరిగ్గా అక్కడే ‘ఇది మా పిల్లోడికి పనిచేయదు’ అని వదిలేస్తారు. ఆ పెరుగుదల, పాత దారి మూసుకుపోతోందని పిల్లోడికి అర్థమవుతున్నదానికి గుర్తు. అవ్వ, తాత కూడా ఇదే మాట మీద ఉండాలి. వాళ్లను తప్పుపట్టకుండా, మొదలుపెట్టేముందే కూర్చుని మాట్లాడి ఒప్పించుకోవాలి. ఉమ్మడి ఇంట్లో ఈ ఒక్క పని చేయకపోతే మిగతావన్నీ వృథా అవుతాయి.

ఇంకో సగం పని ఉంది, దాన్ని ఎక్కువమంది మరిచిపోతారు. పిల్లలు గొడవ చేసినప్పుడే మనం వాళ్ల వైపు చూస్తాం, బుద్ధిగా ఆడుకుంటుంటే హమ్మయ్య అని మన పనిలో పడిపోతాం. కాబట్టి గొడవ వల్ల దొరికే శ్రద్ధ మంచితనం వల్ల దొరకదు. రోజుకు పదిహేను నిమిషాలు, ఫోన్ పక్కన పెట్టి, వాడు చెప్పిన ఆట వాడి ఇష్టప్రకారం ఆడటం, చెప్పిన పని చేసిన వెంటనే ఏది బాగా చేశాడో పేరు పెట్టి మెచ్చుకోవడం చేయాలి. పిల్లల ప్రవర్తన గురించి పరీక్షించి చూసిన తల్లిదండ్రుల శిక్షణా కార్యక్రమాల్లో ఇంచుమించు అన్నిటికీ పునాది ఇదే. వినడానికి చిన్న విషయాలే, చేయడానికి రోజూ ఓపిక కావాలి.

కొట్టడం గురించి మొహమాటం లేకుండా చెప్పాలి. కొట్టిన క్షణంలో పిల్లలు ఆగుతారు, అందుకే అది పనిచేస్తున్నట్టు అనిపిస్తుంది. ఏళ్ల మీద చూస్తే, ఎక్కువగా దెబ్బలు తిన్న పిల్లల్లో కొట్టే తత్వం, ఎదురు తిరగడం ఎక్కువగా ఉంటున్నాయని దేశదేశాల్లో జరిగిన అధ్యయనాలు చెబుతున్నాయి. బడిలో అయితే ఇది చట్ట విరుద్ధం కూడా. విద్యా హక్కు చట్టం 2009లోని 17వ సెక్షన్ ఒంటి మీద శిక్షనూ, మనసును హింసించడాన్నీ రెండిటినీ నిషేధించింది. ‘సార్, మా పిల్లోణ్ని రెండు తగిలించండి’ అని తల్లిదండ్రులే చెప్పినా ఆ హక్కు టీచరుకు రాదు.

నోరు విప్పని పిల్లలు

భయంలోనూ ఇలాంటి తంతే నడుస్తుంది, అయితే నిశ్శబ్దంగా. సోమవారం పొద్దున కడుపునొప్పి. స్కానింగులో ఏమీ లేదు. నాటకం అని కొందరు అంటారు. నొప్పి నిజమే, భయపడిన పేగు నిజంగానే మెలిపెడుతుంది. జాలిపడి ఇంట్లో ఉంచితే పది గంటలకల్లా నొప్పి తగ్గిపోతుంది, బిడ్డకూ అమ్మకూ ప్రాణం లేచొస్తుంది. కానీ మంగళవారం బడి ఇంకొంచెం భయంగా కనిపిస్తుంది. తప్పించుకున్న కొద్దీ భయం పెరుగుతుంది. కాబట్టి ఒక వైపు బడిలో భయపెడుతున్నది ఏమిటో కనుక్కోవాలి. ఏడిపించే పిల్లలా, కొట్టే టీచరా, పోకుండా బిగపట్టుకునే మురికి బాత్రూమా? ఇంకో వైపు, గంటసేపైనా సరే, రోజూ బడికి వెళ్లే అలవాటు తెగకుండా చూడాలి.

ఇంట్లో గలగల మాట్లాడి బడిలో నెలల తరబడి ఒక్క మాటా మాట్లాడని పిల్లలు ఉంటారు. అది పొగరు కాదు, గొంతు దాకా వచ్చి ఆగిపోయే భయం. ‘మాట్లాడు, మాట్లాడు’ అని అందరి ముందూ ఒత్తిడి చేస్తే ఇంకా బిగుసుకుంటారు.

పది దాటిన పిల్లల్లో దిగులు పెద్దవాళ్లలోలాగా ఏడుపుగా కనిపించకపోవచ్చు. చీటికిమాటికీ చిరాకు, ఇష్టమైన ఆట మానేయడం, మార్కులు పడిపోవడం, రాత్రిళ్లు మేలుకోవడం దాని ముఖాలు. మన జిల్లాల్లో ఆరో తరగతికే హాస్టల్లో వేసి ఐఐటీ ఫౌండేషన్ చదివించే అలవాటు బలపడింది. పదకొండేళ్ల బిడ్డ ఆదివారం ఫోన్లో ‘అమ్మా, వచ్చి తీసుకెళ్లు’ అని అడిగితే ‘రెండు నెలలకు అలవాటవుతుందిలే’ అంటాం. చాలామందికి అలవాటవుతుంది కూడా. అలవాటు కానివాళ్లు ఎవరో తెలియాలంటే ఆ ఫోన్‌లో మార్కులు కాకుండా ఏం తిన్నావు, ఎవరితో ఆడుకుంటున్నావు, నిద్ర పడుతోందా అని అడగాలి. చచ్చిపోవాలనుంది అని పిల్లలు ఏ సందర్భంలో అన్నా, కోపంలో అన్నా, బెదిరింపని కొట్టిపారేయకూడదు. కూర్చోబెట్టి వినాలి, ఒంటరిగా వదలకూడదు, అదే రోజు సహాయం తీసుకోవాలి.

అమ్మానాన్న దూరంగా ఉంటే

శ్రీసిటీలో షిఫ్టు పని చేసే తల్లిదండ్రులు, బెంగళూరులో ఉద్యోగాలు, కువైట్‌లో ఇళ్లలో పని చేసే తల్లులు, ఊళ్లో అవ్వ దగ్గర పెరిగే పిల్లకాయలు. మన వైపు ఇది వేల ఇళ్ల బతుకు. దీన్ని తప్పని చెప్పడానికి ఎవరికీ అధికారం లేదు. బిడ్డకు కావలసింది నమ్మకంగా, రోజూ, అవే చేతుల్లో దొరికే ఆసరా. అవ్వ ఆ ఆసరా ఇవ్వగలదు. పిల్లలకు కష్టమయ్యేది చేతులు మారిన సమయం. నిద్రపోతున్నప్పుడు చెప్పకుండా వెళ్లిపోతే ఏడుపు తప్పుతుందని చాలామంది అలాగే బయల్దేరతారు. దానివల్ల బిడ్డకు నిద్ర అంటేనే భయం పట్టుకుంటుంది. ఏడ్చినా సరే, చెప్పి వెళ్లాలి. వీడియో కాల్ వారానికి మూడుసార్లైనా సరే, చెప్పిన వేళకే చేయాలి. రెండేళ్ల తర్వాత తిరిగొచ్చిన అమ్మ దగ్గరికి బిడ్డ వెళ్లకపోతే అమ్మ గుండె పగులుతుంది. అది ద్వేషం కాదు, మళ్లీ వెళ్లిపోతుందేమోనన్న జాగ్రత్త. కొన్ని వారాలు అవ్వ సమక్షంలోనే దగ్గరవనిస్తే సర్దుకుంటుంది.

తల్లిని నిందించడం మానాలి

బిడ్డకు మాటలు రాలేదంటే, కళ్లలోకి చూడటం లేదంటే మొదటి వేలు తల్లి వైపే చూపిస్తారు. ‘ఉద్యోగానికి వెళ్లి పట్టించుకోలేదు’, ‘ఫోన్ ఇచ్చి పాడుచేసింది’. వైద్యమే ఒకప్పుడు ఈ తప్పు చేసింది. తల్లుల ప్రేమలేనితనం వల్ల ఆటిజం వస్తుందని 1950, 60ల్లో పేరున్న నిపుణులు రాశారు, ఎంతోమంది తల్లులు ఆ మాటతో కుమిలిపోయారు. అది తప్పని తర్వాతి పరిశోధన పూర్తిగా తేల్చింది. ఆటిజం మెదడు ఎదుగుదలలో వచ్చే తేడా, జన్యువుల పాత్ర ఎక్కువ. ఎక్కువసేపు ఫోన్ చూసే పసిబిడ్డకు మాటలు ఆలస్యం కావచ్చు, రెండేళ్ల లోపు ఫోన్ ఇవ్వకపోవడమే మంచిది. కానీ ఫోన్ తీసేస్తే ఆటిజం పోతుందని ఆశపెట్టి నెలలు గడిపేసేవాళ్ల మాట నమ్మకూడదు. పదహారు నెలలకు ఒక్క మాటా రాకపోయినా, రెండేళ్లకు రెండు మాటలు కలిపి చెప్పలేకపోయినా ‘వాళ్ల నాన్నకూ లేటుగానే వచ్చాయి’ అని ఆగకుండా చూపించాలి. తొందరగా మొదలుపెట్టిన శిక్షణ వల్ల ఒరిగేది చాలా ఉంటుంది.

గాలి సోకిందని తాయెత్తు కట్టించడం, గంగమ్మకు మొక్కుకోవడం, దర్గాలో మంత్రించుకోవడం మన ఇళ్లలో ఉన్నవే. మొక్కుబడి తల్లికి ధైర్యం ఇస్తే ఇవ్వనీ. ఆ ధైర్యంతోనే ఆసుపత్రికి కూడా వెళ్లాలి, ఇది అయ్యాక అది అని ఏడాది వాయిదా వేయకూడదు. బిడ్డను కొట్టే, పస్తు పెట్టే, వాతలు పెట్టే వైద్యం ఎవరు చెప్పినా ఒప్పుకోకూడదు.

ఎక్కడికి వెళ్లాలి, ఏం తీసుకెళ్లాలి

అన్నిటికంటే దగ్గరి దారి బడికీ అంగన్‌వాడీకీ వచ్చే ప్రభుత్వ వైద్య బృందం. 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద పుట్టినప్పటి నుంచి 18 ఏళ్ల దాకా పిల్లలను పరీక్షిస్తారు. ఎదుగుదలలో ఆలస్యం, వినికిడి, చూపు, రక్తహీనత అన్నీ అందులో ఉన్నాయి. బృందం ఎప్పుడు వస్తుందో ఏఎన్ఎం‌నో అంగన్‌వాడీ టీచర్‌నో అడిగితే చెబుతారు. తిరుపతిలో ఎస్వీ మెడికల్ కాలేజీకి అనుబంధంగా ఉన్న రుయా ఆసుపత్రిలో పిల్లల విభాగం, మానసిక వైద్య విభాగం రెండూ ఉన్నాయి. చిత్తూరు వైపువాళ్లకు గంట ప్రయాణంలో వేలూరు సీఎంసీ ఉంది, అక్కడ పిల్లల సైకియాట్రీకి ప్రత్యేక విభాగమే ఉంది. కుప్పం, పలమనేరు వాళ్లకు బెంగళూరు నిమ్హాన్స్ దగ్గర. ఎక్కడికి వెళ్లాలో తోచనప్పుడు ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్ 14416కు ఫోన్ చేసి తెలుగులో మాట్లాడొచ్చు, అది 2022 అక్టోబరు నుంచి నడుస్తోంది. బిడ్డను ఎవరైనా హింసిస్తున్నారని తెలిస్తే పిల్లల హెల్ప్‌లైన్ 1098కు ఫోన్ చేయాలి.

వెళ్లేముందు రెండు వారాలు ఒక నోటుబుక్కులో రాసుకుంటే డాక్టరుకు చాలా మేలు. గొడవో భయమో ఎప్పుడు వచ్చింది, దానికి ముందు ఏం జరిగింది, తర్వాత ఎవరు ఏం చేశారు, ఎంతసేపు ఉంది. రాస్తుండగానే చాలామందికి సగం సంగతి తెలిసిపోతుంది: సాయంత్రం ఆరు తర్వాతే వస్తోందని, లెక్కల హోంవర్కు తీసినప్పుడే వస్తోందని, చిన్నాన్న వచ్చిన రోజే వస్తోందని. ఫలానా మనిషి దగ్గరికి వెళ్లడానికి మాత్రమే బిడ్డ భయపడుతోందని కనిపిస్తే ఆ విషయం తేలికగా తీసుకోవద్దు, బిడ్డను ఒంటరిగా ఆ మనిషి దగ్గర వదలొద్దు. క్లాస్ టీచర్ చేత ఒక పేజీ రాయించుకోవాలి. ఫోన్‌లో తీసిన చిన్న వీడియో ఉంటే ఇంకా మంచిది. పుట్టినప్పటి కాగితాలు, టీకాల కార్డు పట్టుకెళ్లాలి. వీలైతే నాన్న కూడా వెళ్లాలి, చాలాసార్లు అమ్మ ఒక్కతే కూర్చుని అందరి తరఫునా జవాబు చెప్పుకోవలసి వస్తోంది.

మొదటి రోజు ఎక్కువగా మాటలే ఉంటాయి, ప్రశ్నల జాబితాలు, ఆట బొమ్మలతో పరిశీలన, అవసరమైతే వినికిడి, రక్త పరీక్షలు. మెదడు స్కానింగు చాలామందికి అక్కర్లేదు. మందుల పేరు వింటేనే చాలామంది లేచి వచ్చేస్తారు, కానీ ఎక్కువ సమస్యలకు మొదటి చికిత్స తల్లిదండ్రులకు నేర్పడం, బిడ్డతో మాట్లాడటం, బడిలో మార్పులు చేయించడమే. ఏడీహెచ్‌డీలో కూడా ఆరేళ్ల లోపు పిల్లలకు ముందు తల్లిదండ్రుల శిక్షణే, మందు తర్వాతి సంగతి. ఆరేళ్లు దాటి, సమస్య తీవ్రంగా ఉన్న పిల్లలకు మందు నిజంగా ఉపయోగపడుతుంది. ఆకలి తగ్గడం, నిద్ర పట్టకపోవడం లాంటివి కనిపిస్తే మానేయకుండా డాక్టరుకు చెబితే మోతాదు, వేళ మారుస్తారు.

డిస్లెక్సియా లాంటి చదువు ఇబ్బందులు, ఆటిజం రెండూ 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టంలోని 21 వైకల్యాల్లో ఉన్నాయి. సర్టిఫికెట్ ఉంటే పరీక్షల్లో అదనపు సమయం లాంటి వెసులుబాట్లు అడగొచ్చు. పరీక్షలు చేయించి, కాగితం చేతికి రావడానికి సమయం పడుతుంది కాబట్టి పదో తరగతి ఫీజు కట్టే రోజు దాకా ఆగకుండా, బిడ్డ ఐదో ఆరో తరగతిలో ఉండగానే మొదలుపెట్టాలి.